ముగ్గురు స్నేహితులు, ఒక ఫామ్‌హౌస్, ఒక శవం

తొలి సినిమాగా థ్రిల్లర్ తీద్దామని తిరుగుతున్న తెలుగు దర్శకులకు,



నేను సినిమా మనిషిని కాను. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. డైలాగుల పుణ్యమా అని మీతో పరిచయం కలిగింది. మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తు కుర్రాడు ఒకసారి స్క్రిప్టు తెచ్చి, "మాస్టారూ, భాషలో తప్పులుంటే దిద్దిపెట్టండి" అన్నాడు. దిద్దాను. తర్వాత అతని స్నేహితుడొచ్చాడు. ఆ తర్వాత ఆ స్నేహితుడి రూమ్మేటు. అలా ఏడాదిన్నరలో అయిదు స్క్రిప్టులు నా ఎర్రసిరా కింద నలిగాయి. అయిదూ చిన్న బడ్జెట్ థ్రిల్లర్లే. నాలుగింట్లో ఇద్దరు ప్రాణస్నేహితులు, ఇద్దరూ మనసుపడిన ఒక అమ్మాయి, శనాదివారాలు గడపడానికి ఊరి బయట ఫామ్‌హౌస్, అర్ధరాత్రి దాటాక ఒక శవం. అయిదోది మాత్రం వేరు. అందులో ఫామ్‌హౌస్ బదులు రిసార్టు.

"అందరూ ఇదే కథ ఎందుకు రాస్తున్నారయ్యా?" అని అడిగితే ఆ కుర్రాడు దాపరికం లేకుండా చెప్పాడు. "లొకేషన్ ఒకటే మాస్టారూ. ఆర్టిస్టులు ముగ్గురు. ఇరవై రోజుల్లో చుట్టేయొచ్చు."

ఆ లెక్కను నేను తప్పుపట్టను. చేతిలో డబ్బు లేనివాడు తలుపులు వేసి ముగ్గురు మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడం ప్రపంచమంతా జరుగుతున్న పనే. నా తగువంతా ఆ ముగ్గురిలో మూడోమనిషిని మీరు చూసే తీరుతోనే. ఆమెది శవం కన్నా కాస్త ఎక్కువ, కారు కన్నా కాస్త తక్కువ పాత్ర. కారుకైతే మోడలూ రంగూ రాసి ఉంటున్నాయి. ఆమె ఏం చదివింది, ఏం పని చేస్తుంది, ఇద్దరిలో ఎవరంటే ఇష్టం అన్నది అయిదు స్క్రిప్టుల్లో ఎక్కడా లేదు.

ఈ కథ మీరు కనిపెట్టింది కాదు. ఇంగ్లీషు సినిమాల నుంచి వచ్చిందీ కాదు. ఆదిపర్వంలో సుందోపసుందులున్నారు. ఒకే కంచంలో తిని ఒకే మంచం మీద పడుకునేంత అన్యోన్యమైన అన్నదమ్ములు. ఒకరి చేతిలో మరొకరికి తప్ప ఇంకెవరి చేతా చావు లేకుండా వరం పొందారు. అప్పుడు వాళ్లలో వాళ్లకే తగువు పెట్టడానికి బ్రహ్మ చెబితే విశ్వకర్మ లోకంలోని అందమంతా నువ్వుగింజంత నువ్వుగింజంత ఏరి తిలోత్తమను తయారుచేశాడు. ఆమె వాళ్ల ముందుకు వెళ్లింది. ఒకడు కుడిచెయ్యి పట్టుకున్నాడు, ఇంకొకడు ఎడమచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత గదలు లేచాయి. ద్రౌపది విషయంలో మీకూ ఇదే గతి పట్టకుండా చూసుకోండని నారదుడు ఈ కథను పాండవులకు చెప్పి హెచ్చరించాడు. వాళ్లు వెంటనే నియమం పెట్టుకున్నారు.

ఈ ఘట్టం నేను ఎన్నోసార్లు చెప్పాను. ఒక ఏడు డిగ్రీ క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి, "తిలోత్తమకి ఇద్దరిలో ఎవరు నచ్చారు సార్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, "కావ్యంలో లేనిది పరీక్షలో రాదమ్మా" అని తప్పించుకున్నాను. ఆ జవాబుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మీ స్క్రిప్టులు చదివినప్పుడల్లా ఆ అమ్మాయి లేచి నిలబడుతోంది.

మన సినిమా ఈ కథను ఎప్పుడో చేసింది. 1974లో కె. విశ్వనాథ్ గారు "ఓ సీత కథ" తీశారు. చంద్రమోహన్, రోజారమణి, కాంతారావు, దేవదాస్ కనకాల నటించారు. రెండేళ్ల తర్వాత కె. బాలచందర్ దాన్నే తమిళంలో "మూండ్రు ముడిచ్చు"గా తీశారు. అందులో కమల్‌హాసన్, రజనీకాంత్, అప్పటికి పదమూడేళ్ల శ్రీదేవి. ఆ తమిళ సినిమాలో పడవ సీను ఒకటుంది, చూడండి. ఇద్దరు మిత్రులూ ఆ అమ్మాయీ షికారుకి వెళతారు. ప్రేమించినవాడు నీళ్లలో పడతాడు. రెండోవాడికి ఈత వచ్చు. రానట్టు కూర్చుంటాడు. తోయలేదు, పొడవలేదు, విషం పెట్టలేదు. చెయ్యి చాపలేదు, అంతే. ఆ సీనుకు ఒక పడవ, ఒక చెరువు, ముగ్గురు నటులు చాలు. ఖర్చు మీ ఫామ్‌హౌస్ ఒకరోజు అద్దె కన్నా తక్కువే అవుతుందనుకుంటాను. హత్యను మించిన హత్య అది, ఎందుకంటే ఏ సెక్షన్ కిందా పట్టుకోవడం కష్టం.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఉంది చూశారూ, అది మన వాళ్లకే తట్టే పని. చెయ్యి చాపని ఆ మిత్రుడి తండ్రిని పెళ్లాడి, అతనికి తల్లి వరసై అదే ఇంట్లో అడుగుపెడుతుంది. ఆమె చేతిలో కత్తి లేదు, పిస్తోలు లేదు. ఉన్నది వరస. నిన్నటిదాకా కన్నేసినవాడు ఈరోజు "అమ్మా" అని పిలవాలి. ఆ మలుపు ఇవాళ్టి కళ్లకు ఎబ్బెట్టుగా ఉంటే ఉండొచ్చు. నాకూ కొంత అలాగే ఉంది. కానీ అది ఆమె తీసుకున్న నిర్ణయం. కథ అక్కణ్ణుంచి ఆమె చేతిలోకి వెళ్లిపోయింది.

మీలో చాలామంది నాకు చెప్పే పేర్లు వేరు. "షాలో గ్రేవ్ చూశారా మాస్టారూ, దానిలాగా ఉంటుంది మా సినిమా" అంటారు. చూశాను. మీరు చెప్పాకే చూశాను, రెండుసార్లు. 1994లో వచ్చిన ఆ బ్రిటిష్ సినిమా డానీ బాయిల్‌కి దర్శకుడిగా మొదటి సినిమా. రాసిన జాన్ హాడ్జ్ వృత్తికి డాక్టరు. ఖర్చు పది లక్షల పౌండ్ల చిల్లర, షూటింగ్ ముప్పై రోజులు. కథ ఎడిన్‌బరోలో జరుగుతుంది కానీ ఆ ఫ్లాట్ గ్లాస్గోలో వేసిన సెట్టు. చివర్లో ఫిల్ము కొనడానికి డబ్బుల్లేక సెట్లో సామాన్లు అమ్ముకున్నారని చెబుతారు. ఇక్కడిదాకా మీ కష్టాలే.

కథ కూడా మీకు తెలిసిందే. అలెక్స్ విలేకరి, డేవిడ్ చార్టర్డ్ అకౌంటెంట్, జూలియట్ డాక్టరు. ముగ్గురూ ఒకే ఫ్లాట్లో ఉంటారు. ఖాళీగా ఉన్న నాలుగో గది అద్దెకివ్వడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగనంత హీనమైన ప్రశ్నలు అడిగి నవ్వుకుంటారు. చివరికి ఒకణ్ణి ఎంచుకుంటారు. వాడు కొన్నాళ్లకే మత్తుమందు ఎక్కువై గదిలో చచ్చి పడుంటాడు. మంచం కింద సూట్‌కేసు, సూట్‌కేసు నిండా డబ్బు. పోలీసులకు ఫోన్ చేయరు. శవాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కోసి అడవిలో పాతిపెట్టాలని తీర్మానిస్తారు. ఎవరు కోయాలి? చీటీలేసుకున్నట్టు పుల్లలు లాగితే ముగ్గురిలో మెతకవాడైన డేవిడ్‌కి పొట్టి పుల్ల వస్తుంది.

ఇక్కడ మీరు శవాన్ని చూశారు. నేను పుల్లను చూశాను.

ఆ పుల్ల లాగిన క్షణం నుంచి ముగ్గురి స్నేహం లెక్క మారిపోయింది. "తిలాపాపం తలా పిడికెడు" అనుకుని మొదలుపెట్టారు. కానీ పాపం అలా సమంగా పంచుకోవడానికి కుదరదు. రంపం పట్టుకున్నది ఒక్కడే. మిగతా ఇద్దరూ పక్కన నిలబడ్డారు. వాళ్లిద్దరూ ఆ డబ్బులో కొంత తీసి షాపింగ్ చేసుకుని వీడియో కెమెరా కొనుక్కుని నవ్వుకుంటూ ఇంటికొస్తే, రంపం పట్టినవాడికి ఆ నవ్వు ఎలా వినపడుతుంది? అతను సూట్‌కేసు తీసుకుని అటక మీదికి ఎక్కేస్తాడు. కింద ఏం జరుగుతోందో చూడటానికి పైకప్పుకి బెజ్జాలు పెడతాడు. ఆ ఇంట్లో భయం మొదలైంది ఆ డబ్బు కోసం దొంగలు వచ్చినప్పుడు కాదు, ఆ బెజ్జాలు పడ్డప్పుడు.

ఇక జూలియట్. ఇద్దరు మగవాళ్ల మధ్య ఆమె కూడా ఉంది. ఇద్దరికీ ఆమె మీద మనసుంది. కానీ హాడ్జ్ ఆమెను బహుమతిగా పెట్టలేదు. ఆమె ఎవరి దగ్గర బలం ఉంటే అటు జరుగుతుంది. డబ్బు డేవిడ్ దగ్గరుంటే డేవిడ్ దగ్గరికి వెళుతుంది. అది ప్రేమా, లెక్కా అని మనకు చెప్పరు. బహుశా ఆమెకు కూడా తెలియదు. చివరి పెనుగులాటలో డేవిడ్‌ని పొడిచింది ఆమే. అలెక్స్ భుజంలో దిగిన కత్తిని చెప్పుతో కొట్టి నేలలోకి దిగ్గొట్టిందీ ఆమే. సూట్‌కేసుతో విమానాశ్రయానికి పోయి తెరిచి చూస్తే లోపల పాత పేపర్ల ముక్కలు. డబ్బంతా అలెక్స్ పడివున్న చోట నేల చెక్కల కింద ఉంది, అతని నెత్తురు బొట్లుబొట్లుగా దాని మీద పడుతోంది. ఆమె మంచిది కాదు. మంచిది కానక్కర్లేదు. ఆమెకు ఒక కోరిక ఉంది, దాని కోసం ఆమె ఒక పని చేసింది. నేను అడుగుతున్నది అంతమాత్రమే.

ఆ సినిమాకి బాఫ్టా వాళ్లు ఉత్తమ బ్రిటిష్ చిత్రం అవార్డు ఇచ్చారు. మీరు దాన్నుంచి తీసుకున్నది మాత్రం శవమూ, సూట్‌కేసూ. పుల్లను అక్కడే వదిలేశారు.

రెండో పేరు "బ్లడ్ సింపుల్". 1984. జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ అన్నదమ్ముల మొదటి సినిమా. దీన్ని మీరు ఇంకా శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే వాళ్లు డబ్బు తెచ్చుకున్న పద్ధతి కూడా మీకు పనికొచ్చేదే. సినిమా తీయకముందే, తీస్తే ఇలా ఉంటుందని రెండు నిమిషాల ట్రైలర్ తీశారు. ప్రొజెక్టర్ మోసుకుంటూ మిన్నియాపోలిస్ చుట్టుపక్కల డాక్టర్ల ఇళ్లకు, చిన్న వ్యాపారుల ఇళ్లకు తిరిగి గోడ మీద చూపించారు. దాదాపు ఏడాది తిరిగితే ఏడున్నర లక్షల డాలర్లు పోగయ్యాయి. మన కృష్ణానగర్‌లో కథ చెబుతామంటూ ఆఫీసుల బయట కూర్చునే రోజులతో పోల్చుకుంటే ఇది మర్యాదైన పనే. నోటితో చెప్పే కథలో అందరి సినిమా బ్రహ్మాండంగానే ఉంటుంది. రెండు నిమిషాలు తీసి చూపిస్తే మీకే తెలుస్తుంది మీ దగ్గర ఏముందో.

ఆ కథలో ముగ్గురు మిత్రులు లేరు. బార్ యజమాని, అతని భార్య, అతని దగ్గర పనిచేసే బార్‌టెండర్ ఉన్నారు. మాట్లాడుకునే చనువుంది, కింద రహస్యముంది. భార్యా బార్‌టెండరూ ప్రేమించుకుంటున్నారని తెలిసి యజమాని ఒక డిటెక్టివ్‌ను పిలిచి ఇద్దర్నీ చంపమంటాడు. డిటెక్టివ్ చంపకుండానే చంపినట్టు ఫొటో తయారుచేసి, డబ్బు తీసుకుని, భార్య పిస్తోలుతో యజమానినే కాల్చి వెళ్లిపోతాడు.

ఇక్కణ్ణుంచి నేనొక కాగితం మీద నాలుగు గళ్లు గీసి రాసుకుంటూ చూశాను, ఎవరికి ఏం తెలుసని. బార్‌టెండర్‌కి శవం, భార్య పిస్తోలు కనిపించాయి. ఆమే చంపిందనుకున్నాడు. ఆమె కోసం నెత్తురు తుడిచి, ఇంకా ప్రాణం పోని మనిషిని పొలంలో పాతిపెట్టి వచ్చాడు. ఆమెకు ఇదేదీ తెలియదు. అతని మాటలు అర్థంకాక, ఇతనే ఏదో చేశాడనుకుంది. డిటెక్టివ్ తన లైటర్ మరిచిపోయి, అది వీళ్లకు దొరికిందేమోనని వణుకుతున్నాడు. ప్రేమించుకున్న ఇద్దరూ ఒకరినొకరు హంతకులనుకుంటూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ సంభాషణలో ఒక్క అబద్ధం లేదు. నాలుగు గళ్లూ నిండి ఉన్నది ఒక్క ప్రేక్షకుడికే. కుర్చీలో మనం ముందుకు జరగడానికి కారణం అదే. మన దగ్గర ఏదీ దాచలేదు. వాళ్లకు మనం చెప్పలేకపోతున్నాం.

మీరు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తున్నారు. పాత్రలకు అంతా తెలిసి ఉంటుంది, ప్రేక్షకుడి దగ్గర దాస్తారు. నూట పది పేజీలు ఒక మంచివాణ్ణి చూపించి, నూట పదకొండో పేజీలో వాడే హంతకుడంటారు. వాడు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అమాయకుడి ముఖం పెట్టుకుని కూర్చుంటాడు, కెమెరా చూస్తోందని వాడికి తెలిసినట్టు. దీన్ని మీరు ట్విస్టు అంటారు. మా ఊళ్లో తొండి అంటారు. "దొంగకు తేలు కుట్టినట్టు" అన్న సామెత మనకుంది. కుట్టిన తేలును మాకు చూపించండి. నోరు మూసుకుని కూర్చున్న దొంగ ముఖం చూస్తూ గంటన్నర కూర్చోవడానికి మేం సిద్ధం.

ఆ సినిమా చివర్లో భార్య ఒక్కతే ఇంట్లో ఉంటుంది. కిటికీలోంచి లోపలికి చాచిన డిటెక్టివ్ చేతిని కత్తితో కిటికీ గట్టుకి గుచ్చేసి, తర్వాత తలుపు అవతలి నుంచి కాలుస్తుంది. అంతకుముందు అతను కాల్చినప్పుడు గోడకు పడ్డ బెజ్జాల్లోంచి వెలుగు కడ్డీల్లా వస్తుంది. తాను చంపింది ఎవరినో ఆమెకు తెలియదు, మొగుడనే అనుకుంటుంది. ఆ పాత్ర వేసిన ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కి అదే మొదటి సినిమా. గమనించారో లేదో, పదేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాల్లోనూ ఆఖరి కత్తి మగవాణ్ణి చెక్కకి గుచ్చేస్తుంది, రెండుచోట్లా గుచ్చింది ఆడమనిషే. ఇది కాపీనా, యాదృచ్ఛికమా అన్నది నాకు అనవసరం. ఆ ఇంట్లో ఆఖరికి నిలబడింది ఎవరన్నది మాత్రం అవసరం.

ఇంకో సంగతి. కోయెన్ సోదరులు ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సినిమాను మళ్లీ ఎడిటింగ్ బల్ల మీద పెట్టి నిడివి ఇంకొంచెం తగ్గించారు. దర్శకుడి కట్ అంటే పెంచడమే అనుకునే మనకు ఇది వింతే.

మన దగ్గర ఇలాంటివి ఆడవని మీరంటారు. 2005లో శేఖర్ సూరి తీసిన "ఎ ఫిల్మ్ బై అరవింద్" ఆడింది కదా. ఒక దర్శకుడు, అతని హీరో, ఇద్దరూ స్నేహితులు. ముగింపు లేని స్క్రిప్టు పట్టుకుని అడవిలో బంగళాకి వెళతారు. మధ్యలో ఒక అమ్మాయి కలుస్తుంది. స్క్రిప్టులో రాసినట్టే జరగడం మొదలవుతుంది. పెద్ద స్టార్లు లేరు. ఆ దర్శకుడి పాత్ర వేసింది రాజీవ్ కనకాల, "ఓ సీత కథ"లో కనిపించిన దేవదాస్ కనకాల గారి అబ్బాయి. తండ్రి 1974లో, కొడుకు 2005లో. స్నేహితుడి ముఖం వెనక ఏముందన్న ప్రశ్న ఒకే ఇంట్లో రెండు తరాలు మోసింది.

భాష దిద్దడం నా పని కాబట్టి ఆ మాట కూడా చెప్పి ముగిస్తాను. మీ మిత్రులు మొదటి పేజీలో "రేయ్ మామా" అనుకుంటారు, శవాన్ని పాతిపెట్టాక కూడా "రేయ్ మామా" అనే అనుకుంటారు. తెలుగులో ఇంతకన్నా పెద్ద అవకాశం వదులుకోవడం ఇంకోటి ఉండదు. ఇంగ్లీషు వాడికి అందరికీ ఒకటే పిలుపు. మనకు "ఒరేయ్" ఉంది, "నువ్వు" ఉంది, పేరు పెట్టి పిలవడం ఉంది, "మీరు" ఉంది. పదేళ్లుగా "ఒరేయ్" అన్నవాడు ఒకరోజు పొద్దున కాఫీ అందిస్తూ "తీసుకోండి" అంటే చాలు. నేపథ్య సంగీతం అక్కర్లేదు. ఆ అమ్మాయి ఒకణ్ణి "నువ్వు" అని, రెండోవాణ్ణి "మీరు" అని పిలిచి, ఇంటర్వెల్ తర్వాత అటూ ఇటూ మార్చిందనుకోండి, హాల్లో ఉన్న ప్రతివాడికీ విషయం అర్థమవుతుంది, పక్కనున్న స్నేహితుడికి తప్ప. దీనికి బడ్జెట్ ఎంతండీ?

స్క్రిప్టులు తేవడం మానకండి. ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక నేను ఇంట్లోనే ఉంటాను, మా ఆవిడ టీ ఇస్తుంది. ఒక్కటే షరతు. తెచ్చేముందు, ఆ అమ్మాయి ఒక్కతే ఉన్న సీన్లు ఎన్నో లెక్కపెట్టి మొదటి పేజీ మీద అంకె వేసి తీసుకురండి. సున్నా అయితే మెట్లెక్కకండి, లిఫ్టు కూడా ఈమధ్య సరిగ్గా పనిచేయడం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు